వడ్లు మనవి, మర కంప్యూటరుది

పల్లె వాద్యాలకు చోటిచ్చే పాటల యంత్రం – తెలిసి వాడితేనే మేలు

పాలమూరు: పల్లెపాట రికార్డింగు ఈనాడు పెద్ద పట్నాలకే పరిమితమైన వ్యవహారం కాదు. ఒకప్పుడు పాట రికార్డు కావాలంటే మద్రాసుకో, హైదరాబాదుకో పోవలసి వచ్చేది. ఇప్పుడు చిన్న పట్టణంలో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు వుంటే చాలు. బతుకమ్మ పాట, బోనాల పాట, పెళ్ళిపాట అక్కడే తయారై సెల్‌ఫోనులోకి వచ్చేస్తున్నది. రాసేవారు మన వూరివారే, పాడేవారు మన వూరివారే. అయితే వాయించేవారి సంగతే వేరుగా వున్నది. పాటలో డప్పు మోగుతుంది, డప్పు కొట్టినవాడు మాత్రం ఆ గది గడప తొక్కి వుండడు. హార్మోనియం పలుకుతుంది, దాని మెట్లు నొక్కిన వేళ్ళు మాత్రం వుండవు. కంప్యూటరులో ముందే నింపి వుంచిన ధ్వనులనుంచి ఏరి, కావలసినచోట అతికించి పాట ముగిస్తున్నారు.

ఇందువల్ల ఖర్చు తగ్గుతుంది, పని త్వరగా అవుతుంది. కాదనలేము. కాని వాద్యం వాయించి నాలుగు డబ్బులు సంపాదించుకునే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి వున్నది. పది వూళ్ళ పాటల్లోనూ ఒకే డప్పు మోగుతుంది. ఏ వూరి దరువు ఏదో తెలియకుండా పోతుంది.

దీనికంతటికీ కంప్యూటరే కారణమని తిట్టిపోసేవారున్నారు. కాని అదే కంప్యూటరులో రెండో దారి కూడా వున్నదన్న సంగతి చాలామందికి తెలియదు. ధ్వనిని తానే పుట్టించే సాఫ్ట్‌వేర్ వాద్యాలలో కొన్నింటికి 'ఎఫెక్ట్' రూపం కూడా వస్తుంది. ఆ రూపంలో యంత్రం తన సొంత ధ్వనిని పక్కన పెట్టి, మనం ఇచ్చిన ధ్వనిని తీసుకుని పనిచేస్తుంది. అంటే డప్పు మన డప్పే, దెబ్బ మన మనిషి దెబ్బే. దానికి యంత్రం హంగులు చేకూర్చి తిరిగి ఇస్తుంది.

కొన్న బియ్యం, పట్టించిన బియ్యం

ఈ తేడా రైతుకు చెప్పడం కష్టం కాదు. అన్నం వండుకోవడానికి రెండు దారులు. దుకాణానికి పోయి బియ్యం కొనుక్కోవచ్చు. లేదా ఇంటి వడ్లు బస్తాకెత్తి మరకు పోయి పట్టించుకు రావచ్చు. మొదటిదానిలో వడ్లు ఎవరు పండించారో మనకు తెలియదు, మన పొలంతో పని లేదు. రెండోదానిలో మర ఎంత గొప్పదైనా, పోసిన వడ్లు మనవైతే వచ్చే బియ్యం కూడా మనవే.

సాఫ్ట్‌వేర్ వాద్యం దుకాణపు బియ్యం వంటిది. కీబోర్డు మెట్టు నొక్కితే ధ్వని సిద్ధంగా వుంటుంది. దాని ఎఫెక్ట్ రూపం మర వంటిది. పైన తొట్టిలో ఏదో ఒకటి పోస్తేగాని కింద ఏమీ రాదు. కనుక ఈ పద్ధతిలో వాయించే మనిషి తప్పనిసరి. ఈ ఒక్క కారణం చేతనే పల్లె కళాకారులు దీనిని గురించి తెలుసుకోవడం అవసరం.

యంత్రం లోపల ఏమున్నది?

సింథసైజర్ అనే వాద్యానికి ముఖ్యంగా నాలుగైదు భాగాలు వుంటాయి. మొదటిది ఆసిలేటర్. నాదాన్ని పుట్టించేది ఇదే. రెండోది ఫిల్టర్. ఇది జల్లెడ వంటిది. లావు ధ్వనిని వదిలి సన్నధ్వనిని ఆపమంటే ఆపుతుంది, సన్నధ్వనిని వదిలి లావు ధ్వనిని ఆపమన్నా ఆపుతుంది. మూడోది ఎన్వలప్. స్వరం ఎంత వేగంగా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా ఆరిపోవాలి అన్నది ఇది చూస్తుంది. నాలుగోది ఎల్ఎఫ్ఓ. ఊయల ఊపినట్టు ధ్వనిని నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతుంది. చివరన ప్రతిధ్వని, మారుమోత, గరగర వంటి హంగులు కలిపే భాగం వుంటుంది.

ఎఫెక్ట్ రూపంలో జరిగేది ఒకటే. నాదాన్ని పుట్టించే మొదటి భాగం స్థానంలో మైకునుంచి వచ్చిన ధ్వని వచ్చి కూర్చుంటుంది. మిగిలిన జల్లెడ, ఊయల, హంగులు యథాప్రకారం పనిచేస్తాయి. అంతకుమించి ఇందులో మాయ లేదు, మర్మం లేదు.

యాభై ఏళ్ళ కిందటి ఆలోచన

ఇది కంప్యూటరు వచ్చాక పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. 1969లో లండనులోని ఇఎంఎస్ అనే సంస్థ విసిఎస్3 అనే చిన్న సింథసైజర్‌ను తయారుచేసింది. బయటి ధ్వనిని లోపలికి పంపే ద్వారం దానికి అప్పుడే వున్నది. ఇంగ్లండులోని 'రాక్సీ మ్యూజిక్' బృందంలో 1971 నుంచి 1973 వరకు వున్న బ్రయాన్ ఈనో, తోటివారు వాయించే వాద్యాల ధ్వనిని ఈ పెట్టెలోకి పంపి రూపు మార్చి వినిపించేవాడు. వాయించేది ఒకరు, ఆ ధ్వనిని మలిచేది మరొకరు.

అదే దేశంలో 'ది హూ' బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ 1971లో వచ్చిన 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్' అనే పాటకు ఆర్గన్ వాయించి, ఆ ధ్వనిని విసిఎస్3 గుండా పంపాడు. నిలకడగా సాగే ఆర్గన్ నాదం ముక్కలు ముక్కలుగా తెగి తాళానికి అనుగుణంగా కొట్టుకుంటున్నట్టు మారింది. ఆ పాటకు ఆ ధ్వనే గుర్తయింది. వాయించింది మనిషే, తరిగింది యంత్రం.

1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్‌కు, 1978లో జపానులో కోర్గ్ సంస్థ తెచ్చిన ఎంఎస్-20కి కూడా బయటి ధ్వనిని తీసుకునే ఏర్పాటు వుండేది. ఎంఎస్-20 మరో అడుగు ముందుకు వేసింది. లోపలికి వచ్చిన ధ్వని శ్రుతిని, బలాన్ని అది కనిపెట్టి వాటి ప్రకారం తన భాగాలను నడిపించగలిగేది.

కంప్యూటరుకు వస్తే, జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1996లో విఎస్‌టి అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. పాట తయారీ కార్యక్రమానికి అదనపు పరికరాలను సాఫ్ట్‌వేర్ రూపంలో తగిలించే పద్ధతి ఇది. వీటినే ప్లగిన్లు అంటున్నారు. ట్రాక్టరుకు నాగలి తగిలించినట్టు, కల్టివేటరు తగిలించినట్టు కావలసినప్పుడు కావలసినది తగిలించుకోవచ్చు. మొదట వచ్చినవి ధ్వనికి హంగులు చేసే ప్లగిన్లే. స్వయంగా ధ్వని పుట్టించే వాద్యపు ప్లగిన్లకు వీలు కలిగింది 1999లో వచ్చిన రెండో విఎస్‌టితోనే. 2004లో కోర్గ్ సంస్థ తన పాత యంత్రాలను సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేసినప్పుడు ఎంఎస్-20 వాద్యంతో పాటు దాని ఎఫెక్ట్ రూపాన్ని కూడా ఇచ్చింది.

ఎఫెక్ట్ రూపాలు రెండు విధాలు

పేరు ఒకటే అయినా వీటిలో రెండు తరహాలున్నాయి. మొదటి తరహాలో దాదాపు యంత్రమంతా మన ధ్వనికి అందుబాటులోకి వస్తుంది. బెర్లినుకు చెందిన యు-హి సంస్థవారి 'జీబ్రా2' వాద్యానికి 'జీబ్రిఫై' అనే ఎఫెక్ట్ రూపం ఇటువంటిది. జల్లెడలు, ఎన్వలప్‌లు, ఊయలలు అన్నీ వుంటాయి. వచ్చే ధ్వని బలాన్ని చూసి జల్లెడను తెరిచి మూసే ఏర్పాటు కూడా వుంటుంది.

రెండో తరహాలో యంత్రం చివరనుండే హంగుల పెట్టె మాత్రమే విడిగా వస్తుంది. 2014లో విడుదలైన 'సీరమ్' వాద్యంతో పాటు వచ్చే 'సీరమ్ ఎఫ్ఎక్స్' ఈ తరహాది. ఇక డబ్బు పెట్టి కొనలేనివారికి 'సర్జ్ ఎక్స్‌టి' అనే వాద్యం ఉచితంగా దొరుకుతుంది. 2018లో దానిని తయారుచేసినవారు దాని గుట్టంతా బహిరంగం చేసి అందరికీ వదిలేశారు. అప్పటినుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు దానిని అభివృద్ధి చేస్తున్నారు. హంగుల పెట్టె కూడా దానితోపాటే విడి ప్లగిన్‌గా లభిస్తుంది. ఇంత ఉచితంగా దొరుకుతుండగా దొంగ నకళ్ళను ఎక్కించుకుని కంప్యూటరుకు వైరస్ తగిలించుకోవడం తెలివైన పని కాదు.

డప్పుకు, హార్మోనియంకు, కిన్నెరకు

ఇక మన వాద్యాలకు ఇది ఎలా ఉపయోగపడుతుందన్నది అసలు ప్రశ్న.

డప్పునే తీసుకుందాం. సిర్ర దెబ్బ లావుగా, సిటికెన పుల్ల దెబ్బ సన్నగా పలుకుతుంది. వచ్చే ధ్వని బలాన్ని కనిపెట్టే ఏర్పాటును జల్లెడకు ముడిపెడితే, గట్టి దెబ్బకు జల్లెడ బాగా తెరుచుకుంటుంది, మెల్లని దెబ్బకు కొంచెమే తెరుచుకుంటుంది. అంటే కళాకారుడి చేతి బరువే యంత్రాన్ని నడిపిస్తుంది. అతడు దరువు మారిస్తే యంత్రం వెంట నడుస్తుంది. ముందే నింపి వుంచిన డప్పు ముక్కలో ఈ స్పందన ఎక్కడినుంచి వస్తుంది?

భజన మందిరంలో వుండే హార్మోనియం సంగతి చూద్దాం. గాలితో నిలకడగా పలకడంలో అది ఆర్గన్‌కు చుట్టమే. టౌన్‌షెండ్ చేసిన పనిని దానితోనూ చేయవచ్చు. శ్రుతి పట్టి వుంచి, ఎన్వలప్‌ను డప్పు దరువు ప్రకారం తెరిచి మూస్తే, హార్మోనియం నాదం దరువుతో కలిసి అడుగులు వేస్తుంది.

కిన్నెర విషయం మరీ ముఖ్యం. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలపడానికి తేనె మైనం, ఇటువంటి వాటితో తయారయ్యే ఈ వాద్యం మన ప్రాంతపు సొత్తు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. ఇవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది చేతుల్లో మిగిలిన వాద్యాలు. పియానో, గిటారు వంటివి కంప్యూటరులో వందల రకాలు దొరుకుతాయి. కిన్నెరను అంత సులభంగా వెతికి తెచ్చుకోలేము. అసలు వాద్యాన్ని వాయించి లోపలికి పంపడమే మేలైన దారి.

కిన్నెర గొంతు చిన్నది. డీజే మోతలో అది వినిపించదు. ఎఫెక్ట్ రూపంలో 'కోంబ్ ఫిల్టర్' అనే భాగం వుంటే అది సాయానికి వస్తుంది. వచ్చిన ధ్వనిని సెకనులో 200వ వంతు, అంటే 5 మిల్లీసెకండ్లు ఆలస్యం చేసి మళ్ళీ మళ్ళీ తనలోనే కలుపుకుంటే, సెకనుకు 200 కంపనాల నాదం వెనుక పలకడం మొదలవుతుంది. దానిని పాట శ్రుతికి సరిచేస్తే, మీటిన ప్రతి తీగ వెనుకా తంబుర పట్టినట్టు వుంటుంది. ప్రతిధ్వనికి కూడా లెక్క వుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక్కో దెబ్బకు అర సెకను పడుతుంది. కనుక ప్రతిధ్వనిని 500 మిల్లీసెకండ్లకో, అందులో సగానికో పెడితే దరువు చెడదు. ఇష్టం వచ్చినట్టు పెడితే ఇద్దరు వాయిద్యగాళ్ళు తగవులాడుతున్నట్టు వుంటుంది.

రాళ్ళు పోస్తే రాళ్ళే

మర ఎంత మంచిదైనా మట్టిపెళ్ళలు, రాళ్ళు కలిసిన వడ్లు పోస్తే వచ్చేది నూకలే. ఇక్కడా అంతే. రికార్డు చేసే గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆ గుర్రుమోత కూడా లోపలికి పోతుంది. యంత్రం దానికీ హంగులు చేసి పెద్దది చేసి ఇస్తుంది. కనుక ఫ్యాను ఆపాలి, తలుపు వేయాలి. డప్పును సెగకు కాచి, మోత సరిచూసుకున్నాకే మైకు ముందుకు రావాలి. చెమ్మకు వదులైన డప్పును ఏ కంప్యూటరూ బిగించలేదు.

మరో చిక్కు ఆలస్యం. కంప్యూటరు ధ్వనిని కొంచెం కొంచెంగా పోగుచేసి పనిచేస్తుంది. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, ఒక్కో పోగు 1024 నమూనాలైతే సుమారు 23 మిల్లీసెకండ్ల ఆలస్యం అవుతుంది. గాలిలో శబ్దం ఆ సమయంలో దాదాపు 26 అడుగులు పోతుంది. అంటే తన చేతిలో వున్న డప్పు తనకు 26 అడుగుల దూరంనుంచి వినిపించినట్టు అవుతుంది. ధ్వని లోపలికి పోవడానికి, తిరిగి రావడానికి రెండింటికీ సమయం పడుతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే. దరువు తప్పిందని కళాకారుడిని తప్పుపట్టే ముందు ఈ సంగతి చూసుకోవాలి. వాయించే వేళ పోగును 256కు తగ్గిస్తే ఆలస్యం 6 మిల్లీసెకండ్లకు లోపు దిగుతుంది. అదీ కుదరకపోతే ముందు హంగులు లేకుండా వాయించి రికార్డు చేసుకుని, తరువాత యంత్రంలోకి పంపడం మేలు.

కొన్ని ఎఫెక్ట్ రూపాలలో మైకునుంచి ధ్వని వచ్చినంత మాత్రాన బయటికి ఏమీ వినిపించదు. కీబోర్డు మెట్టు నొక్కితేనే ద్వారం తెరుచుకుంటుంది. తూము ఎత్తనిదే కాలువకు నీరు రానట్టే. ఇది తెలియక ప్లగిన్ చెడిపోయిందని తీసివేసేవారున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం మోతాదు. అసలు ధ్వని ఎంత, మార్చిన ధ్వని ఎంత అన్నది కలుపుకోవడానికి ఒక మీట వుంటుంది. దానిని పూర్తిగా మార్చిన వైపు తిప్పితే డప్పో, డబ్బానో తెలియకుండా పోతుంది. కూరలో ఉప్పు వేసినట్టు కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఇది ఫలానా వాద్యమని వినేవారు గుర్తుపట్టేంతవరకే పోవాలి.

విత్తనపు వడ్లు దాచుకోవాలి

మరపట్టిన బియ్యాన్ని తిరిగి నారు పోయలేము. అందుకే రైతు విత్తనపు వడ్లను వేరుగా కట్టిపెడతాడు. పాట విషయంలోనూ ఇదే నియమం పాటించాలి. హంగులు కలపకముందు రికార్డు చేసిన అసలు ధ్వనిని వేరుగా భద్రపరచాలి. పదేళ్ళ తరువాత కొత్త యంత్రం రావచ్చు, కొత్త అభిరుచి రావచ్చు. అసలు ధ్వని చేతిలో వుంటే మళ్ళీ కొత్తగా చేసుకోవచ్చు. ముఖ్యంగా పెద్ద వయసు కళాకారుల వాద్యం విషయంలో ఇది మరువరాదు. వారు మళ్ళీ వచ్చి వాయించే అవకాశం వుంటుందో వుండదో చెప్పలేము.

వాయించినవారికి చట్టం కూడా కొంత అండగా వున్నదని గుర్తించాలి. మన దేశపు 1957 కాపీరైటు చట్టానికి 2012లో సవరణలు చేశారు. వాటి ప్రకారం, ప్రదర్శన ఇచ్చిన కళాకారుడు ఆ ప్రదర్శనకు తన పేరు చెప్పమని కోరవచ్చు. తన పరువుకు భంగం కలిగేలా దానిని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పవచ్చు. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీకి హక్కు వుంటుంది. అయితే సాంకేతిక అవసరం కోసం చేసే చిన్న కత్తిరింపులు దీని కిందికి రావు. ఎన్ని డబ్బులు, ఎన్ని పాటలకు వాడతారు, పేరు ఎక్కడ వేస్తారు అన్న మూడు సంగతులు ముందే కాగితం మీద రాయించుకోవడం వుభయులకూ క్షేమం.

కళ బతకడానికి కంప్యూటరును బయటికి నెట్టనక్కరలేదు. అది నెట్టినా పోయేది కాదు. పాట రికార్డుకు పోయే ప్రతివారూ గడప దాటకముందే ఒక ప్రశ్న అడిగితే చాలు. "మా వాద్యాన్ని మీ మరలో పోస్తారా? లేక మీ దగ్గరున్న సరుకే కట్టి ఇస్తారా?" రెండో దారి చవక కావచ్చు. కాని మొదటి దారిలో పాట బయటికి వచ్చినప్పుడు, అందులో మోగే దెబ్బ ఎవరిదో వూరంతా చెప్పగలుగుతుంది. వాయించిన మనిషి ఆ రోజు ఇంటికి కూలితో పోతాడు.